ఊరు చెరిగిపోయిన నాణేలు

తిరుత్తణిలో ఒక రిటైర్డ్ అయ్యవారి దగ్గర రోమన్ కంచు నాణేలున్నాయి, చూసి రాయమని సంపాదకులు పంపారు. కొండ దిగువ సందులో ఇల్లు. ఇంట్లో మాట తెలుగే. 1960 దాకా ఈ ఊరు చిత్తూరు జిల్లాలోదే కదా. అల్మారా నిండా పెట్టెలున్నా నా చూపు ఆయన వేళ్ళను వదల్లేదు.

డిస్టిల్డ్ వాటర్లో నానిన నాణేన్ని గుడ్డ మీద పెట్టి, భూతద్దం కింద వెదురు పుల్లతో మట్టిని పెళ్ళలు పెళ్ళలుగా లేపుతున్నారు. పచ్చటి చిలుము పొరకు మాత్రం పుల్ల తగలనివ్వరు.

“బొమ్మ ఆ పొరలోనే ఉంది నాయనా. అది లేస్తే ముఖమే పోతుంది.”

కాసేపటికి కూలబడ్డ గుర్రం తేలింది. దాని మీది రౌతు చెయ్యెత్తి వెనక్కి తిరిగాడు. నిలబడ్డ సైనికుడు బల్లెం దించుతున్నాడు. వేలిగోరంత కంచులో అంత యుద్ధం! క్రీ.శ. 348లో మొదలైన వరస నాణేల్లో ఈ బొమ్మ ఒకటి. ఇలాంటి చిల్లర కరూరు దగ్గర అమరావతి ఏట్లో, మధురై వైగైలో బాగా దొరికింది. అరిగిన తీరును బట్టి ఇక్కడి సంతల్లోనూ చెల్లిందని పరిశోధకులు అంటారు.

తర్వాత ఇంకొకటి నా అరచేతిలో పెట్టారు. అమ్మినవాడు యాసిడ్‌లో ముంచి తోమాడట. ఎర్రగా మెరుస్తోంది, చక్రవర్తికి ముక్కూ కన్నూ లేవు.

“ఎక్కడ దొరికిందిరా అంటే, ఏదో ఏట్లో సార్, తీసుకోండి అన్నాడు” అని చెబుతుంటే పెద్దాయన గొంతు వణికింది. నాకూ కోపం ఆగలేదు.

నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకలు తగిలి, చిన్న గుడి శిథిలాల కింద కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డ సంగతి 1787 నాటి లేఖలో ఉంది. పాత బంగారంగా అమ్మేస్తే చాలా వరకు కరిగిపోయాయి, ముప్పై పైచిలుకు దక్కాయి. అయినా నాగలి, గుడి, కుండ కాగితమెక్కాయి గనక ఆ కరిగినవాటికీ చరిత్రలో చోటుంది. ఈ మెరిసే కంచు కరగకుండా మిగిలింది, కానీ దాని ఊరు పోయింది.

తిరుత్తణి ఇప్పుడున్న జిల్లాలోనే, అత్తిరంపాక్కంలో 1863లో దొరికిన రాతి పనిముట్లకు విలువ వచ్చింది దొరికిన చోటును నమోదు చేయడం వల్లే. పూండి మ్యూజియం ఆ రాతియుగాన్ని చూపిస్తోంది. కంచుకూ ఆ శ్రద్ధ కావాలి. ప్రతి జిల్లా మ్యూజియంలో ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఏటి ఇసుక జల్లించి నాణేలు తెచ్చే కూలీని దొంగలా చూడని ఒక ఉద్యోగి ఉంటే చాలు. సేకరించేవాళ్ళు కూడా మెరుగుకు డబ్బు పెట్టడం మాని, దొరికిన చోటు నిజంగా చెప్పినవాడికే ఎక్కువ ఇవ్వాలి.