గుత్తిదారిలో గాలిపాట

కర్నూలు దాటి, డోన్ మీదుగా గుత్తికి పోయే దారిలో చెట్టూ చేమా తక్కువ. ఎర్రనేలలు, వేరుసెనగ చేలు, నడుమ నడుమ బోడిగుట్టలు. ఆషాఢం వచ్చిందంటే ఆ బయలంతా పడమటిగాలిదే రాజ్యం. ఇంకా దక్షిణానికి, రామగిరి వైపు కొండలమీద గాలిమరలు నిలబెట్టి కరెంటు తీస్తున్నారంటే ఊరకే కాదు!

ఆ గాలికి ఎదురుగా మొన్న మేము కారులో ప్రయాణం చేశాం. మా అమ్మ పుట్టిల్లు గుత్తి దగ్గర ఒక పల్లె. ఎనభై దాటిన మనిషి, ఒక్కసారి ఆ ఊరు చూడాలని పట్టుబట్టింది. ఇంటిల్లిపాదీ ఎక్కేసరికి సామానుకు చోటు చాలలేదు. కారు కప్పుమీద క్యారియరు బిగించి పెట్టెలన్నీ పైన కట్టాం.

కర్నూలు పొలిమేర దాటామో లేదో, నెత్తిమీద మోత మొదలైంది. ఒంటితీగ తంబూరా మీటినట్టు ఒకటే రొద. వేగం పెంచితే శ్రుతి హెచ్చుతుంది, తగ్గిస్తే దిగుతుంది. పిల్లలకు అది వినోదమే. అమ్మకు మాత్రం చెవి కాస్త మందం. ఆవిడ చెప్పేది మాకు వినపడదు, మేము అడిగేది ఆవిడకు వినపడదు. చివరికి, "మీతో అరవలేను నాయనా" అని కిటికీవైపు తిరిగి కూచుంది. ఏ కబుర్లకోసం బయలుదేరామో ఆ కబుర్లే గాలికి పోతున్నాయి.

డోన్‌లో టీకి ఆగాం. పక్కన లారీకి టార్పాలిన్ బిగిస్తున్న డ్రైవరు మా గోడు విని నవ్వాడు. "ముందు కడ్డీకి తాడు చుట్టండి సార్. చుట్టుకూ చుట్టుకూ బెత్తెడు ఎడం ఉండాల" అన్నాడు. పాముమెలికలా తానే చుట్టి, రెండు కొసలూ గట్టిగా ముడివేశాడు.

ఇందులో మర్మం ఏమిటంటారా? గుండ్రని కడ్డీని దాటేటప్పుడు గాలి దాని వెనక పైనొకటి, కిందొకటిగా సుడులు తిరుగుతుంది. ఆ సుడుల లయే మనకు వినిపించే శ్రుతి. స్ట్రౌహాల్ అనే చెక్ శాస్త్రజ్ఞుడు 1878లోనే దీని లెక్క తేల్చాడు. గాలివేగంలో సుమారు అయిదోవంతును కడ్డీ మందంతో భాగించాలి. కారు వేగం 70 కిలోమీటర్లు, ఎదురుగాలి 20 అనుకుందాం. కడ్డీకి తగిలేది 90, అంటే సెకనుకు 25 మీటర్లు. కడ్డీ మందం రెండున్నర సెంటీమీటర్లయితే సెకనుకు 200 కంపనాలు! తాడు మెలిక ఆ సుడులను కడ్డీ పొడుగునా ఒక్కతాళంలో పుట్టనివ్వదు. ఫ్యాక్టరీ పొగగొట్టాల పైభాగాన మెలికగా రేకులు అమర్చేదీ ఇందుకే. ఆ సుడుల తాకిడికి గొట్టం ఊగిపోకుండా కాపాడతాయి.

డోన్ దాటాక గాలి హోరు మిగిలింది గాని, ఆ పాట ఆగిపోయింది. దూరాన గుత్తికోట కనపడగానే అమ్మ మెల్లగా అంది: "1952 కరువులో మా నాయన ఎడ్లను అమ్మి, వట్టి పలుపులు చేతపట్టుకొని ఈ దారినే నడిచి వచ్చినాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు."

నలభై అయిదేళ్లుగా ఆవిడ నోట నేను వినని మాట అది. కారులో ఎవ్వరూ మాట్లాడలేదు.

క్యారియరుతో బయలుదేరేవారు నాలుగు బారల తాడు వెంట ఉంచుకోండి. పటకా పట్టీలు రెపరెపలాడితే ఒక మెలిక వేసి బిగించండి. గొట్టపు కడ్డీల కొసలు తెరిచి ఉంటే మూతలు పెట్టండి. సామాను లేనప్పుడు క్యారియరును విప్పేయడం అన్నిటికన్నా మేలు. పెట్రోలూ కలిసివస్తుంది, పెద్దల మాటా వినపడుతుంది.