విధినెందుకంటారన్నా?

"ఐరనీ ఏంటంటే బ్రదర్... నేను గొడుగు పట్టుకెళ్లిన రోజు చచ్చినా వాన పడదు!"

మొన్న కృష్ణానగర్‌లో టీకొట్టు దగ్గర విన్నానీ మాట. అన్నది ఒక అసిస్టెంట్ డైరెక్టరు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే మన పెద్దలు కాకతాళీయం అని ఊరుకున్నారు. మనం దానికి ఇంగ్లీషు సూటు తొడిగి ఐరనీ అంటున్నాం. పోనీలెండి, గొడుగు విషయంలో ఎవరికీ నష్టం లేదు. ఆ మాటను అతనికంటే ఘోరంగా వాడినవాణ్ణి నేను. ఆ సంగతి చెబుతాను.

ఐరనీ అంటే ఏమిటో తెలియక వాడానా అంటే, అదీ కాదు. బి.ఏ.లో మా ఇంగ్లీషు మేష్టారు శుభ్రంగా చెప్పారు. షేక్స్పియర్ బోధపడక మేం దిక్కులు చూస్తుంటే, ఆయన పుస్తకం మూసేసి "మాయాబజార్ చూశార్రా?" అన్నారు. 1957 నాటి సినిమా అయినా చూడనివాడు మా క్లాసులో లేడు. పెళ్లిపీటల మీద కూర్చున్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడు. సావిత్రి మొహంలో ఎస్వీ రంగారావు దర్జా! నేలక్లాసులో కూర్చున్న కుర్రాడిక్కూడా తెలుసు. తెలియనిదల్లా పెళ్లికొడుక్కే. పెళ్లికూతురు కాలు తొక్కితే ప్రాణం లేచిపోతుంది రేలంగికి, ఎందుకో తెలీదు పాపం! "మనకి తెలుసు, వాడికి తెలీదు. అక్కడ పుడుతుందిరా ఐరనీ" అన్నారు మేష్టారు.

తిడుతున్నట్టు పొగడడం ఇంకో తరహా. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును శతకం పొడుగునా ఎత్తిపొడిచాడు, చదివితే అంతా భక్తే. ఇవాళ నాయకులు ఒకర్నొకరు పచ్చిగా తిట్టుకుంటే "వ్యంగ్యాస్త్రాలు" అని హెడ్డింగు పెడుతున్నారు. దాన్ని గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది!

ఇక నా సంగతి. ఆరేళ్ల కిందట ఒక జూనియర్ ఆర్టిస్టు పోయింది. పెద్దావిడ. తెరమీద అమ్మ, నాయనమ్మ, సత్రంలో వడ్డించే ముసలమ్మ... పేరు ఎవరికీ తెలియకపోయినా మొహం అందరికీ తెలుసు. చివరి రోజుల్లో మందులకు డబ్బుల్లేక అవస్థపడింది. నేనొక పత్రికకు నివాళి రాశాను. "తెరమీద వందలమందికి అన్నం వడ్డించిన చేతులు మందుబిళ్ల కోసం చాచవలసి రావడం ఎంత ఐరనీ! విధి వైపరీత్యం అంటే ఇదే" అని ముగించాను. బాగుందని నలుగురు ఫోన్లు చేశారు. నేనూ ఉబ్బిపోయాను, దాచడమెందుకు?

వారం తర్వాత ఆవిడ కూతురు కనిపించింది. పత్రిక మడిచి చేత్తో పట్టుకుంది.

"విధినెందుకంటారన్నా? విధి ఏం చేసింది? అమ్మకి పదకొండు రోజుల బేటా రావాలి. ఆఫీసు చుట్టూ తిరిగితే మేనేజరు రేపు రా, ఎల్లుండి రా అన్నాడు. ఆ సంగతి మీక్కూడా చెప్పింది కదా?"

చెప్పింది. షూటింగులో కాఫీ తాగుతూ చెప్పింది. నాకు తెలుసు. ఆ కంపెనీ సినిమాలకు అప్పట్లో పబ్లిసిటీ మేటర్ నేనే రాసేవాణ్ణి. అందుకని ఆ పదకొండు రోజులూ నా కలంలోకి రాలేదు, విధి వచ్చింది. విధి వచ్చి ఫలానావాళ్లు నా పేరు రాశారేమిటని అడగదు కదండీ! నాకు తెలుసు, పాఠకుడికి తెలీదు. మేష్టారు వింటే ఏమనేవారో.

అప్పట్నుంచీ ఈ మాటలు ఎక్కడ వినిపించినా చెవులు నిక్కబొడుచుకుంటాయి. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీలో వేలాడే వంతెన తెగి 135 మంది పోయారు. మరమ్మతులు చేశామని జనానికి తెరిచి వారం కూడా కాలేదు. ఆ సంస్థ మేనేజరొకరు కోర్టులో ఇది దైవేచ్ఛ అన్నట్టు పేపర్లలో వచ్చింది. చదివి ఆయన్ని తిట్టబోయి ఆగిపోయాను. నేను రాసిన నివాళిలో మాత్రం ఉన్నదేమిటి? ఆయన దేవుడన్నాడు, నేను ఐరనీ అన్నాను. నాది కాస్త నాజూకు, అంతే తేడా.

ఆ అమ్మాయితో కలిసి నేనూ ఆ ఆఫీసుకి వెళ్లాను. వాళ్లమ్మ ఒక్కో రోజుకీ ఒక్కో గీత గీసుకున్న నోటుబుక్కు చూపించింది. మేనేజరు నా మొహం చూసి "మీరేమిటి సార్ ఇలా వచ్చారు?" అన్నాడు. నాలుగుసార్లు తిప్పించుకుని ఏడు రోజుల డబ్బు ఇచ్చారు. నాకు ఆ కంపెనీ పబ్లిసిటీ పని మళ్లీ రాలేదు.

నాలుగు రోజులది ఇంకా రావాలి.