కొలతలిచ్చి కుట్టించుకున్న సైకిలు!

జాకెట్టుకి కొలతలిస్తాం. చెప్పులు బిగుతైతే మార్చుకొస్తాం. మరి సైకిలో? షాపుకెళ్లి '22 ఇంచీలదుందా, 24 ఇంచీలదుందా' అని అడుగుతాం. అది కూడా మగవాళ్ల సంగతి. ఆడవాళ్లకి ఆ రెండు సైజులు కూడా ఉండవు. 'లేడీస్ సైకిలు' అని ఒకటుంటుంది. ముందో బుట్ట, ఒంటినిండా పూల స్టిక్కర్లు. తొమ్మిదో తరగతి పిల్లకీ అదే, ముప్ఫై దాటిన ఉద్యోగినికీ అదే.

నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. మామూలు సైకిలెక్కితే సిగ్నల్ పడ్డ ప్రతిసారీ బొటనవేలి మీద నిలబడాలి. ఎడమ పక్క ఆటో, కుడి పక్క బైకు, వెనక హారన్లు... మధ్యలో భరతనాట్యం! ముషీరాబాద్‌లో ఇల్లు, సోమాజిగూడలో ఆఫీసు. పోను సుమారు 9 కిలోమీటర్లు. స్కూటీ మీద ఉదయం పూట అరగంటకి తక్కువైతే పట్టదు. సైకిలు మీదైతే నలభై నిమిషాలు. ఆ పది నిమిషాల తేడాకి పెట్రోలెందుకు, జిమ్ముకి వేరే ఫీజెందుకు అనిపించింది. అయితే ఎక్కే సైకిలు నాదై ఉండాలి. అందుకే కొలతలిచ్చి చేయించుకున్నా.

ధర అడక్కండి. ఆ డబ్బుకి మంచి సెకండ్‌హ్యాండ్ స్కూటీ వచ్చేదని మావారు ఇప్పటికి చాలాసార్లు చెప్పారు.

గోడకి నిలబెట్టి...

బెంగళూరులో ఫ్రేములు చేతితో చేసే ఒకాయన ఉన్నారు. చిన్న వర్క్‌షాపు. చెప్పులు విప్పించి గోడకి ఆనుకుని నిలబడమన్నారు. ఒక లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య నిటారుగా పెట్టి, దాని పైఅంచు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత గీశారు. నేలనుంచి ఆ గీత దాకా కాలి పొడవన్నమాట. తర్వాత చేతులు, భుజాలు, పాదం. అచ్చం టైలరే!

కొలతలకంటే ప్రశ్నలెక్కువ. ఏం వేసుకుని తొక్కుతారు, చుడీదారా, జీన్సా? చున్నీ ఉంటుందా? బ్యాగు బరువెంత? దారిలో ఎత్తు ఎక్కడెక్కడుంది? రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరతారు? ఒక్కో జవాబుకీ సైకిల్లో ఒక్కో వస్తువు పుట్టింది. చుడీదారుకి చైను మొత్తం మూసేసే కవరు. చున్నీకి వెనక చక్రం రెండువైపులా వల. కాలు వెనక్కి తిప్పి ఎక్కక్కర్లేకుండా కిందికి వంగిన కడ్డీ. రాత్రి డ్యూటీలకి డైనమో.

ఒక్క విషయం దగ్గర మాత్రం నాకు అనుమానమొచ్చింది. చక్రాలు చిన్నవిగా, 26 అంగుళాలవి వేస్తానన్నారు. పెద్ద చక్రమైతే తేలిగ్గా దొర్లుతుంది కదా అన్నాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. పొట్టివాళ్ల ఫ్రేము పొట్టిగా ఉంటుంది. దానికి పెద్ద చక్రం తగిలిస్తే, హ్యాండిల్ తిప్పినప్పుడు ముందు మడ్‌గార్డు కాలివేళ్లకి తగులుతుంది. వేగంగా పోయేటప్పుడు హ్యాండిల్ అంతగా తిప్పం. ట్రాఫిక్‌లో నత్తనడక నడుస్తూ సందు చూసుకుని తిప్పేటప్పుడే తగులుతుంది. పడేదీ అప్పుడే.

మూడు నెలలకి ఫ్రేము బస్సు పార్శిల్లో వచ్చింది. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టాలు. బలం ఎక్కువ కాబట్టి గొట్టం గోడ పల్చగా ఉన్నా చాలు. చూపుడువేలితో కొడితే గంటలా మోగింది. రంగు ముదురు ఆకుపచ్చ. పూల స్టిక్కర్లు లేవు!

భోలక్‌పూర్ చాచా

బిగించిన చేతులు మాత్రం మన ఊరివే. భోలక్‌పూర్‌లో తోళ్ల గోదాములు, తుక్కు దుకాణాలు దాటాక ఒక సైకిలు షాపుంది. అక్కడి మేస్త్రీని అందరూ చాచా అంటారు, నేనూ అంతే. అట్టపెట్టె విప్పగానే ఆయన చక్రాల వైపు చూసి "గిదేంది బేటీ, పిల్లల చక్రాలు లెక్కున్నయి?" అన్నాడు. కాలివేళ్ల సంగతి చెప్పాను. ఫ్రేముకి చక్రం ఆనించి, చెయ్యి అడ్డంపెట్టి చూసుకుని, "సహీ బాత్" అన్నాడు. ఇక మళ్లీ ఆ మాటెత్తలేదు.

నిజానికి మన దేశంలో సైకిలెప్పుడూ సగం కొలతలిచ్చి చేయించుకున్నదే. లూథియానా నుంచి విడిభాగాలుగా డబ్బాల్లో వచ్చేది. ఫిట్టింగ్ షాపులోనే. సీటేది, బెల్లేది, డైనమో కావాలా, క్యారియర్ వెడల్పుదా అని అడిగి బిగించేవాళ్లు. హబ్బులకి రంగురంగుల కుచ్చులు. చైను కవరు మీద పెయింటర్‌తో యజమాని పేరు. గంటకింతని కిరాయికిచ్చే సైకిళ్లకైతే మడ్‌గార్డు మీద నంబరు. పొట్టి పిల్లలు ఫ్రేములోంచి కాలు దూర్చి కైంచీ తొక్కింది వాటిమీదే. ఆ సైకిళ్లలో ఒక పెద్దపేరు అట్లాస్. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఉన్న దాని ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. జూన్ 3 అంటే... ప్రపంచ సైకిలు దినోత్సవం!

చాచా రెండ్రోజులు పనిచేశాడు. ఎక్కువసేపు పట్టింది చక్రాలకే. పాత నల్ల సైకిలుకి ముందు 32 పుల్లలు, వెనక 40. దీనికి రెండింటికీ ముప్ఫయ్యారేసి. పుల్ల ఎక్కించడం పెద్ద పనికాదు, బిగువు సమానం చెయ్యడమే పని. చాచాకి మీటరక్కర్లేదు. రెండు పుల్లల్ని వేళ్లతో మీటి వింటాడు. ఒకటి బరువుగా మోగితే పావుచుట్టు బిగిస్తాడు. వీణ శృతి చేసినట్టే. తోలు సీటు చూసి మాత్రం మురిసిపోయాడు. ఉన్న ఊరు అలాంటిది మరి! బొటనవేలితో నొక్కి చూసి, "మంచి చర్మం. నూనె ఎక్కువ రాయకు, మెత్తబడి జారిపోతది. నువ్వు కూసుంటేనే అది తయారైతది" అన్నాడు.

సైకిలు చేతికిచ్చేటప్పుడు ఇంకోమాట: "రెండొందల కిలోమీటర్లు నడిపి తీస్కరా. అప్పటిదాంక ఇది పూరా సైకిల్ గాదు."

మొదటి కిలోమీటర్లోనే చక్రాల్లోంచి టింగ్, టింగ్ అని శబ్దం. గుండె ఆగినంత పనైంది. ఏ పుల్ల తెగిందోనని దిగి చూస్తే అన్నీ ఉన్నాయి. బిగించేటప్పుడు పుల్ల కాస్త మెలి తిరుగుతుందట. మనిషి బరువు పడగానే ఆ మెలి విడిపోతూ అలా మోగుతుందట. మర్నాటికి ఆగిపోయింది. వారానికి గేరు జారడం మొదలైంది. కేబుల్ సాగిందనుకుంటాం కానీ, ఎక్కువగా దాని తొడుగు తన గాళ్లలో సర్దుకుని కూర్చోవడం వల్ల వచ్చే వదులట అది. చాచా అర నిమిషంలో సరిచేశాడు. సీటుకి మాత్రం చాచా మందేమీ ఇవ్వలేదు. మొదటి మూడువారాలు ఆఫీసు కుర్చీలో కూడా పక్కకి ఒరిగి కూర్చున్నాను.

కట్ట ఎక్కితే తెలుస్తుంది

ఉదయం ఎనిమిదిన్నరకి ముషీరాబాద్‌లో మెట్రో స్తంభాల నీడలోంచి బయల్దేరతాను. కవాడిగూడ దాటి ట్యాంక్‌బండ్ మీదికి చేరాలి. హుస్సేన్‌సాగర్ ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1560లలో తవ్విన చెరువనీ, ట్యాంక్‌బండ్ దాని కట్టేననీ స్కూల్లో చదువుకున్నాం. స్కూటీ మీద పదేళ్లు తిరిగినా నాకది రోడ్డే. సైకిలెక్కాకే కట్ట అని తెలిసింది. ఎందుకంటే ఎక్కాలి కదా! కింద లోయర్ ట్యాంక్‌బండ్‌లో ఉన్న అమ్మవారి పేరు కట్ట మైసమ్మ. ఆ పేరు పెట్టినవాళ్లకి ఈ ఎత్తు కాళ్లతో తెలిసుంటుంది.

ఇక్కడ గేర్ల లెక్క చెప్పాలి. వెనక హబ్బులోపల దాగి ఉండే మూడు గేర్లు నావి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో నూరేళ్లకి పైగా కిందట పుట్టిన పద్ధతే. పెడల్ ఒక చుట్టు తిరిగితే మధ్య గేరులో సైకిలు 4 మీటర్లు పోతుంది. కింది గేరులో 3, పై గేరులో 5 మీటర్ల పైచిలుకు. పాత నల్ల సైకిలుకి ఉన్నదొక్కటే, ఇంచుమించు అయిదు మీటర్లది. కట్ట ఎక్కేటప్పుడు పాలవాళ్లెందుకు దిగి నడిపించేవాళ్లో ఇప్పుడర్థమవుతోంది. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే మధ్య గేరులో గంటకి 14 కిలోమీటర్లు. అదే నా వేగం. ఇంకో సుఖం... సైకిలు ఆగి ఉన్నా ఈ గేరు మారుతుంది. ఎర్రలైటు దగ్గర నిలబడే కింది గేరుకి తెచ్చుకోవచ్చు. మన ఊళ్లో ఇది వరమే.

కట్టెక్కాక గాలి. వానాకాలంలో పడమటి గాలి చెరువంతా దాటుకుని వచ్చి కుడిపక్క నుంచి తోస్తుంది. కారులో అద్దాలు దించితే తప్ప తెలియని గాలి, సైకిలు మీద మనిషిలా భుజం పట్టి నెడుతుంది. అలాంటి రోజు బుద్ధుడి వైపు చూడ్డం కుదరదు, హ్యాండిలే చూసుకోవాలి. చెరువు వాసన సంగతి రాస్తే ఆదివారం టిఫిను పాడవుతుంది, వదిలేద్దాం. కట్ట దిగాక కుడికి తిరిగితే ఎన్టీఆర్ మార్గ్. ఎడమపక్క 2023లో తెరిచిన కొత్త సచివాలయం, ఇంకాస్త ముందుకెళ్తే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం. రోడ్డు నున్నగా ఉంటుంది. దారి మొత్తం మీద పై గేరు వేసేది అక్కడొక్కచోటే.

తర్వాతొస్తుంది ఖైరతాబాద్ ఫ్లైఓవర్.

రైలు పట్టాల మీంచి పోయే ఆ వంతెన దగ్గరే మావారికి భయం, అమ్మకి భయం, నిజం చెప్పాలంటే నాకూ భయమే. ఎక్కేటప్పుడు నా వేగం గంటకి పది కిలోమీటర్లు. పక్కకి తప్పుకోవడానికి చోటుండదు. నాలుగోవారం ఒకరోజు సగం ఎక్కాక ఒక టిప్పర్ హారన్ కూడా కొట్టకుండా పక్కనుంచి దూసుకుపోయింది. నాకూ దానికీ మధ్య జానెడు. ఆ గాలికి చున్నీ ఎగిరి ముఖం మీద పడింది. సైకిలు మాత్రం గీత గీసినట్టు అలాగే పోయింది.

ఆ రాత్రి బెంగళూరు ఆయనకి ఫోన్ చేశాను. హ్యాండిల్ తిరిగే ఇరుసుని ఊహలో నేలదాకా పొడిగిస్తే, టైరు నేలని తాకే చోటుకి కాస్త ముందు తగులుతుంది. ఆ 'కాస్త' ఎంతన్నదాన్ని బట్టి సైకిలు నిటారుగా పోవడమా, తూలడమా అన్నది చాలావరకు ఉంటుంది. "మీ దారిలో ఫ్లైఓవరుందని చెప్పారుగా. మెల్లగా పోయేటప్పుడు బెదరకూడదని చూసుకున్నాను" అన్నారాయన. మిల్లీమీటర్ల లెక్క! ఇంట్లో చెప్పలేదు. ఇదిగో, ఈ పేజీ చూశాక తెలుస్తుంది.

ఎవరి దారి?

నగరంలో సైకిలు దారి లేదని అనలేం. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగురోడ్డు వెంట 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. పైకప్పంతా సోలార్ పలకలు. ఎండ తగలదు, కరెంటు పుడుతుంది. ఒక ఆదివారం వెళ్లి తొక్కాను, హాయిగా ఉంది. మెచ్చుకోవాల్సిందే. అయితే అక్కడ కనిపించినవాళ్లలో చాలామంది సైకిలుని కారు వెనక కట్టుకుని వచ్చినవాళ్లు. అది వ్యాయామానికి దారి. పనికి దారి కాదు.

పనికి సైకిలు మీద పోయేవాళ్లు నాకు రోజూ కనిపిస్తారు. రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్లు, ఫ్లాస్కులు తగిలించుకున్న చాయ్‌వాళ్లు, నిచ్చెన భుజానికెత్తుకున్న రంగులేసేవాళ్లు. హెల్మెట్లుండవు, లైట్లుండవు. వాళ్లకి ఖైరతాబాద్ వంతెన మీద ఒక తెల్లగీతైనా లేదు. ఈ ఊరికి ముందు గీయాల్సింది ఆ గీతేనని నా అభిప్రాయం. మొదట్లో నన్ను వింతగా చూసేవాళ్లు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు తలూపుతున్నారు. బైకు కుర్రాళ్లైతే "అక్కా, పెట్రోల్ అయిపోయిందా?" అంటుంటారు.

ఆఫీసులో మా వాచ్‌మన్ అన్నది పాలమూరు. ఆయన 22 ఇంచీల సైకిలు పక్కనే నాదీ పెడతాను. ధర చెబితే రెండు నిమిషాలు మాట్లాడలేదు. "తొక్కి చూడన్నా" అంటే గేటు దాకా పోయొచ్చాడు. మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకున్నాయి. "మంచిగనే ఉంది గాని మేడమ్, నాకు పనికిరాదు. దీనికి సిలిండర్ కడితే ఆగదు" అన్నాడు. నిజమే, ఆయన సైకిలుకున్న క్యారియర్ ముందు నాది బొమ్మే. డైనమో మాత్రం నచ్చింది. ఆయనకున్నది టైరుకి రాసుకుంటూ గుర్రుమనే రకం. తొక్కడం ఆపితే దీపం ఆరిపోతుంది. నాది ముందు హబ్బులోనే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినా కాసేపు వెలుగుతుంది. చాచా షాపు అడ్రసు రాయించుకున్నాడు.

ఇప్పటికి ఆరొందల కిలోమీటర్లు దాటాయి. రెండొందల దగ్గర చాచా పుల్లలన్నీ మళ్లీ మీటి చూసి, మూడింటిని బిగించాడు. హబ్బు కోను కొంచెం సర్దాడు. సీటు మీద రెండు పక్కలా బొటనవేలంత గుంటలు పడ్డాయి, ఇప్పుడు కూర్చున్నట్టే ఉండదు. ఒక్క లోపం మిగిలింది. మొన్నటి వానకి ముందు చక్రం నీళ్లన్నీ పాదాల మీదికి చిమ్మింది. మడ్‌గార్డు చివర రబ్బరు ముక్క వేలాడదీయాలట. పాత ట్యూబు కోసి తగిలిస్తానన్నాడు చాచా. శుక్రవారం షాపు బంద్. శనివారం పొద్దున్నే వెళ్లాలి.