పాట్స్ పాయింట్ పాత గోడలు

సిడ్నీలో కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్ నుంచి పైకొచ్చి మక్లే స్ట్రీట్ పట్టుకుంటే, ఎల్ అలమెయిన్ ఫౌంటెన్ దాటాక ఊరు ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. రోడ్డుకు రెండు వైపులా పెద్ద చెట్లు, వాటి వెనక ముదురు ఇటుకల అపార్ట్‌మెంట్లు. పాట్స్ పాయింట్, ఎలిజబెత్ బే అనే ఈ జంట పేటల్లో 1930ల నాటి ఆర్ట్ డెకో భవనాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆపెరా హౌస్ ముందు ఫొటో దిగి వెనక్కి తిరిగేవాళ్లు ఒక పూట ఇటు కూడా రావాలి.

విశాఖలో నాతో చదువుకున్న స్నేహితురాలు ఎలిజబెత్ బేలో అలాంటి ఒక భవనంలో ఫ్లాట్ కొని బాగుచేయించుకుంది. ఆ ఇల్లు చూడాలనే నేను సిడ్నీలో ఆగాను.

కింద మొజాయిక్ గచ్చు, లోపల చెక్క పలకలు బిగించిన ఇరుకు లిఫ్టు. ఫ్లాట్‌లో ఉన్నవి రెండు గదులే. అయితే గోడ, పైకప్పు కలిసేచోట సున్నపు అంచు మెట్లు మెట్లుగా దిగుతుంది. హాలు మూల పలకగా ముగియకుండా గుండ్రంగా తిరుగుతుంది, దానితోపాటే ఇనప చట్రాల కిటికీ కూడా వంపు తిరుగుతుంది. బాత్‌రూమ్‌లో లేతాకుపచ్చ టైల్స్, నల్ల అంచు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకు చోటు లేదు. ఆ రోజుల్లో ఇలాంటి చిన్న ఫ్లాట్లను ఎక్కువగా నగరంలో ఉద్యోగాలు చేసుకునే ఒంటరివాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టారు. భోజనం బయట, నిద్ర ఇంట్లో అన్న లెక్క.

"ఆ గోడ తీసేసి వంటిల్లు హాల్లో కలిపేస్తే విశాలంగా ఉండేది కదే?" అన్నాను.

"ఉండేది. అప్పుడు గోడలోని ఈ కమాను పోయేది. ఇలాంటిది మళ్లీ ఎవరు కడతారే?" అంది.

ఆమె ముందు కార్పెట్ పీకించింది, కింద గట్టి చెక్క నేల బయటపడింది. తలుపుల మీద పొరలు పొరలుగా పేరుకున్న రంగుల్ని వేడిగాలితో ఊడబెరికించింది. వైరింగ్, పైపులు మాత్రం పూర్తిగా కొత్తవి. బాత్‌రూమ్ నేల కింద నీరు దిగకుండా పూత వేయించడానికి కూడా యజమానుల సంఘం అనుమతి తీసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే బయటి గోడలు, అందరికీ పనికొచ్చే పైపులతోపాటు నేల పలక కూడా ఉమ్మడి ఆస్తి. మన దగ్గర ఫ్లాట్‌తోపాటు స్థలంలో అన్‌డివైడెడ్ షేర్ రిజిస్టర్ చేయించుకుంటాం. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో మాత్రం 1961 నాటి స్ట్రాటా చట్టం వచ్చేదాకా విడి ఫ్లాట్‌కు సొంత పట్టా దొరకడం కష్టమే. భవనం ఒక కంపెనీ పేర ఉండేది, షేర్లు కొన్నవారికి అందులో ఉండే హక్కు వచ్చేది. ఇప్పటికీ కొన్ని పాత భవనాలు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

దగ్గర్లోనే బర్ట్‌లీ టవర్స్ ఉంది. 1934లో కట్టినది. వాస్తుశిల్పి ఎమిల్ సోడర్‌స్టెన్. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ రూపకర్తల్లో ఒకరు. బర్ట్‌లీ టవర్స్ ఎదుట చాలాసేపు నిలబడ్డాను. చెక్కిన బొమ్మల్లేవు, పాలరాయి లేదు. ఇటుకల పేర్పుతోనే అంత గాంభీర్యం తెచ్చాడు. ఈ భవనాలన్నిటికంటే పాతది ఎలిజబెత్ బే హౌస్, 1839లో అలెగ్జాండర్ మక్లే కోసం కట్టినది. ఒకప్పుడు దాని చుట్టూ 54 ఎకరాల తోట. ఆ తోట ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయాకే ఇక్కడ పేట లేచింది.

స్నేహితురాలి ఇంటి కిటికీలోంచి చూస్తే గార్డెన్ ఐలాండ్, దాని పక్కన బూడిదరంగు యుద్ధనౌకలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో డ్రైడాక్ కట్టినప్పుడు ఆ దీవిని ఒడ్డుకు కలిపేశారు. నేవీ ఓడల్ని చూస్తూ పెరిగిన మా ఇద్దరికీ అది సొంతూరి దృశ్యం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. రెండు నెలలు తిరక్కముందే, మే 31 రాత్రి, జపాన్ బుల్లి జలాంతర్గాములు ఈ హార్బర్‌లోకి చొరబడ్డాయి. నావికులు పడుకునే కుట్టబుల్ అనే ఫెర్రీ మునిగి 21 మంది చనిపోయారు. అప్పటికే కట్టి ఉన్న ఈ ఇళ్లలో ఆ రాత్రి ఎవరు కళ్లు మూసి ఉంటారు?

సాయంత్రం ఇద్దరం విక్టోరియా స్ట్రీట్‌కు నడిచాం. 1970ల్లో అక్కడి పాత ఇళ్లు కూల్చి టవర్లు లేపాలని చూస్తే, భవన నిర్మాణ కార్మికుల యూనియన్ కూల్చే పని చేయబోమంది. జాక్ మండీ వంటి నాయకులు నడిపిన, గ్రీన్ బ్యాన్లు అనే ఆ పని బహిష్కరణలతో కూలిపనివాళ్లే ఊరిని కాపాడారు. కూలి దొరికే పనిని కాదనడం చిన్న త్యాగం కాదు. ఆ పోరాటానికి తన పత్రికతో అండగా నిలిచిన హువానిటా నీల్సన్ 1975 జూలైలో మాయమైంది. ఆమె శవం కూడా దొరకలేదు. ఆ వీధిలో నడుస్తున్నంతసేపూ విశాఖ వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో మా కళ్లముందే పోయిన పెంకుటిళ్లు, బంగళాలు గుర్తొచ్చి ఇద్దరం బాధపడ్డాం. వాటికోసం అడ్డుపడినవాళ్లు మాకు తెలిసి లేరు, మేమూ పడలేదు.

తిరిగొచ్చేసరికి లిఫ్టు పక్కన సంఘం నోటీసు అంటించి ఉంది. తుప్పు పట్టిన ఇనప కిటికీలన్నీ తీసేసి అల్యూమినియంవి పెట్టాలా, ఖర్చు ఎక్కువైనా పాతవే బాగుచేయించాలా అని వచ్చేవారం ఓటింగ్. స్నేహితురాలు అప్పటికే పై అంతస్తు పెద్దాయన్ని తన వైపు తిప్పుకుంది. ఆ రాత్రి భోజనాలయ్యాక ఒకామెను ఒప్పించడానికి రెండో అంతస్తుకు బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను.