గుడ్డ యాడ?

బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని మ్యాప్ మ్యూజియంలో 2025లో 'టికెట్ టీకా ఛాప్' అని ఒక ప్రదర్శన పెట్టారు. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా పాప రమ్మని ఒకటే గోల. అత్తమ్మను కూడా వెంటబెట్టుకుని హిందూపురంలో రైలెక్కాను. అత్తమ్మది ధర్మవరం. పెళ్లికి ముందూ తర్వాతా మగ్గం మీద కూర్చున్న మనిషి. గుడ్డల బొమ్మలంట అంటే వచ్చింది.

నూరేళ్ల పైబడిన కాగితం లేబుళ్లవి. మాంచెస్టర్ మిల్లుల గుడ్డ తాన్లుగా మన దేశానికి వచ్చేటప్పుడు, ప్రతి తాను మీదా ఒక రంగుల బొమ్మ అంటించేవాళ్లు. లక్ష్మీదేవి, కృష్ణుడు, ఏనుగులు, పులులు, రాణులు. చదువు రానివాళ్లు కూడా బొమ్మ గుర్తుపెట్టుకుని మళ్లీ అదే గుడ్డ అడగాలని. తర్వాత మన మిల్లులవాళ్లూ అదే దారి పట్టారు. ఆ బొమ్మలు ఎంత ముద్దొస్తున్నాయంటే, నాకే ఒకటి ఇంటికి తెచ్చుకోవాలనిపించింది.

పాప పాప్ ఆర్ట్ సంగతి చెప్పింది. 1962లో అమెరికాలో ఆండీ వార్హోల్ అనే ఆయన అంగట్లో దొరికే సూప్ డబ్బాలనే 32 బొమ్మలుగా వేసి గోడకు వరసగా పెట్టాడట, ఒక్కో రుచికి ఒక్కో బొమ్మ. మనం కొనేది సూప్ నా, డబ్బా మీది పేరునా అని చూసేవాళ్లకే అనుమానం రావాలి. మాంచెస్టర్ వాళ్లకు ఆ అనుమానమేమీ లేదు, వాళ్లు బొమ్మతోనే వ్యాపారం చేసుకున్నారు.

అత్తమ్మ ఒక్కో అద్దం ముందూ నిలబడి చూసింది. చివరికి, "బొమ్మ బాగానే ఉండాది గానీ పాపా, గుడ్డ యాడ?" అంది.

పాప నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ధర్మవరంలో మా మరిది ఇంట్లో గుంత మగ్గం ఇంకా ఉంది. దాన్ని తీసేసి గది బాడుగకిద్దామని రెండేళ్లుగా అంటున్నాడు. వాళ్లబ్బాయి పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో చేరాడు. 2019లో అక్కడ కియా కార్లు మొదలైనప్పటి నుంచీ మగ్గాల ఇళ్ల పిల్లలు కొందరు అటే పోతున్నారు. నెల జీతం వస్తుంది, వాళ్లను తప్పుపట్టే పని లేదు. 1985 చట్టం కొన్ని రకాల చీరల్ని చేనేతకే కేటాయించింది. ధర్మవరం పట్టుకు జీఐ గుర్తింపు కూడా ఉంది. అయినా మరమగ్గం చీర మీద 'ఒరిజినల్ ధర్మవరం' అని బంగారు రంగు స్టిక్కర్ వేసి అమ్మేవాళ్లకు కొదవ లేదు. వాట్సాప్‌లో ఫోటో చూసి కొనేవాళ్లకు కనిపించేది ఆ స్టిక్కరే. వెనక్కి తిప్పి జరీ పోగు చూసేవాళ్లెందరు?

పాప పెళ్లి మాఘంలో. చీర కోసం బెంగళూరులో పెద్ద షాపుకే పోవాలని అప్పటికే అనుకుని ఉన్నాం. ఆ సంచీ మీద పేరుకు మా బంధువుల్లో ఒక లెక్క ఉంది మరి.

తిరుగు రైల్లో గౌరిబిదనూరు దాటగానే అత్తమ్మ నా ఫోన్ తీసుకుని మరిదికి కలిపింది.

"మగ్గం తీసేది పెళ్లయినాక చూస్తాంలే. ముందు పాప చీరకు పడుగు ఎక్కీ."

"కూలి గిట్టదు మా," అన్నాడు అవతల.

"షాపోడు ఎంతడిగితే అంత నీకే ఇస్తాం. అంచు ఏ రంగో మీ వదిన చెప్తుంది," అని ఫోన్ నా చేతికిచ్చింది.