మా హెరాల్డు కారు

మా ఆత్మకూరులో కారు కొనడమంటే ఇంట్లో పెళ్లి తలపెట్టడం లాంటిదే. కొనేవాడికంటే చూడవచ్చినవాళ్లకు తొందర ఎక్కువ. అందులోనూ పాతకారు అయితే ఇక సలహాలకు కొదవ ఉండదు.

2011 లో నేను కొన్న కారు నాకంటే రెండేళ్లు పెద్దది. పేరు స్టాండర్డు హెరాల్డు, పుట్టుక 1966. ఉదయగిరిలో ఒక డాక్టరుగారిది. ఆయన పోయిన తర్వాత చాలాకాలం పాకలో పడి ఉంది. ఆయన భార్య 60 వేలకు ఇస్తానన్నారు. "డబ్బు సంగతి సరే నాయనా, దీన్ని ముక్కలుచేసి పాత ఇనుముకు మాత్రం అమ్మొద్దు" అని ఒక్క మాట అడిగారు. సరేనన్నాను.

ఆ 60 వేలూ మా ఆవిడ మేడమీద గది వేయించాలని కూడబెట్టినవి. "గది అయితే కదలకుండా పడి ఉంటుంది. ఇదీ అంతే గదా!" అన్నది. అయినా బీరువా తాళం నా చేతికిచ్చింది. కారణం ఇద్దరికీ తెలుసు. మా అమ్మ ఉదయగిరిలో ఒంటరిగా ఉండేది. ఎంత బతిమాలినా ఆ ఇల్లు వదిలి వచ్చేది కాదు. రాత్రివేళ కబురు వస్తే బస్సుండదు.

ఈ కారు వంశం సంగతి కొంచెం చెప్పాలి. 1959 లో ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ హెరాల్డును తెచ్చింది. రూపురేఖలు దిద్దినవాడు మిచెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. 1961 నుంచి మన మద్రాసులోనే స్టాండర్డు కంపెనీవారు తయారుచేయసాగారు. ఇంజను 948 సి.సి. మాత్రమే. అయితేనేం, ఇదే చట్రాన్ని పొట్టిచేసి 1962 లో ఇంగ్లండువారు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారును చేశారు. అంటే మాది స్పోర్ట్సు కారుకు సాక్షాత్తూ పెత్తల్లి అన్నమాట! 25 అడుగుల చోటుంటే చాలు, చుట్టూ తిరిగిపోతుంది. బానెట్టు ఎత్తితే మడ్‌గార్డులతోసహా ముందుభాగమంతా పైకి లేస్తుంది. మేస్త్రీ చక్రంమీద హాయిగా కూర్చుని పనిచేసుకోవచ్చు.

ఉదయగిరి మేస్త్రీ దాన్ని చూసి, "అయ్యోరా, ఇనుము బంగారమాదిరి ఉండాది. నెల్లూరులో ఉండుంటే ఉప్పుగాలికి ఎప్పుడో తినేసుండేది" అన్నాడు. నిజమే. సముద్రానికి దూరంగా, వెలిగొండల పక్కన ఎండిన నేలమీద ఉండబట్టి దాని ఒంటికి తుప్పు పట్టలేదు. మూడునెలలు కష్టపడి కదిలించాడు.

మా మేనల్లుడు అమెరికాలో మిషిగన్‌లో ఉంటాడు. వాడూ అక్కడ ఒక పాత స్పోర్ట్సు కారు కొన్నాడు. శీతకాలం వస్తే రోడ్లమీద మంచు గడ్డకడుతుందట. అది కరగడానికి ఉప్పు చల్లుతారట. ఆ ఉప్పు కారు అడుగుభాగాన్ని కొరుక్కుతింటుందట. నీళ్లు గడ్డకట్టి ఇంజను పగలకుండా రేడియేటరులో మందు కలపాలి. మెత్తటి రబ్బరు టైర్లు మార్చాలి. డిక్కీలో పార, ఇసుకమూట, దుప్పటి పెట్టుకోవాలి. వాడు ఫోనులో ఇదంతా చెబుతుంటే మా ఆవిడ నవ్వి, "మా డిక్కీలో రెండు బిందెల నీళ్లు, పాత తువ్వాళ్లు ఉంటాయిరా" అన్నది.

వాళ్లకు మంచు ఎంతో మాకు ఎండ అంత. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో ఉదయగిరి దారిలో రేడియేటరు కాగుతుంది. అదైనా నయం, ఆవిరి కనపడుతుంది. కనపడని బాధ పెట్రోలు గొట్టంలో ఉంది. పెట్రోలు పంపు ఇంజనును అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ సెగకు గొట్టంలో పెట్రోలు ఆవిరైపోతే పంపు ఆవిరినే పీలుస్తుంది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. మందు ఒక్కటే. పంపుమీద తడిగుడ్డ వేసి, పావుగంట చెట్టునీడన కూర్చోవడం.

2015 మే నెలలో ఒక మధ్యాహ్నం అమ్మకు ఆయాసం వచ్చింది. ఆనాటికి మేమిద్దరమూ ఉదయగిరిలోనే ఉన్నాం. ఊళ్లో డాక్టరు చూసి నెల్లూరు తీసుకెళ్లమన్నాడు. సుమారు 100 కిలోమీటర్లు. ఇంకో బండికోసం చూస్తే గంట పట్టేట్టుంది. అమ్మే, "మన కారుంది గదరా" అన్నది.

మా ఆవిడ బయలుదేరకముందే పంపుకు తడిగుడ్డ చుట్టింది. నలభై దాటకుండా నడిపాను. దారిలో మూడుచోట్ల, బండి దగ్గకముందే ఆపించి, తానే దిగి గుడ్డ తడిపింది. ఆత్మకూరు దాటాం. సంగం దగ్గర కాలవనీళ్లతో బిందెలు నింపుకున్నాం. అమ్మ వెనకసీట్లో కోడలి ఒళ్లో తల పెట్టుకుని, "ఇంకెంతదూరమే?" అంటూనే ఉంది. దీపాలవేళకు ఆసుపత్రి చేరాం. ఆ తర్వాత అమ్మ మూడేళ్లు బతికింది. గది సంగతి మా ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడొక చిక్కు ఉంది. 50 ఏళ్లు దాటిన కార్లకు 2021 లో కేంద్రప్రభుత్వం వేరే నియమాలు చేసింది. 20 వేలు కట్టి అపురూప వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. గౌరవమే. కాని అలా చేస్తే ప్రదర్శనలకూ, పోటీలకూ, మరమ్మతుకూ, పెట్రోలుకూ తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. లేదంటే మామూలు కారులాగే 5 ఏళ్లకోసారి తనిఖీ చేయించి కాగితం పొడిగించుకోవాలి. మిత్రులంతా మొదటిదే మేలన్నారు. కొత్త పెట్రోలులో కలిపే ఇథనాలుకు పాతరబ్బరు గొట్టాలు ఓర్చుకోలేవనీ, మార్పించాలనీ మేస్త్రీ కూడా హెచ్చరించాడు.

మా ఆవిడను అడిగాను. ఆమె చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"పూజగదిలో పెట్టుకోడానికి కొన్నామా? అత్తయ్యను మోసిన బండి. మోయగలిగినన్నాళ్లు మోయనీండి. గొట్టాలు మార్పించండి" అన్నది.

గొట్టాలు మార్పించాను. కాగితం మామూలుగానే పొడిగించాను. నెలకోసారి ఉదయగిరి వెళ్లి, అమ్మ ఇల్లు తెరిచి, ఊడ్చి, దీపం పెట్టి వస్తున్నాం. డాక్టరుగారి భార్య ఉన్నన్నాళ్లూ వాకిట్లో హారను వినపడగానే బయటికొచ్చి, కారును ఒకసారి చేత్తో తడిమి వెళ్లేవారు.