మిరప టిక్కీలతో పాటు గుంటూరుకు ల్యాప్‌టాప్

ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని గుంటూరు మిర్చియార్డుకు వెళ్ళిన ఆడమనిషిని మీరెవరైనా చూశారా? చూసి ఉండరు. ఆ ఘనత నాదే!

మాది పర్చూరు దగ్గర పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మేము ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్ళాం. కాగితాల మీద జిల్లా ఏదైనా, పెళ్ళిచీరెలకి చీరాల, మిగతా అన్నిటికీ గుంటూరు అన్నది మాత్రం మారలేదు. పంట అమ్మాలన్నా గుంటూరే, పెద్ద జబ్బు చేసినా గుంటూరే. 2025 ఫిబ్రవరి నెలాఖర్లో ఒక రోజు మా ఇంట్లో రెండూ కలిసి వచ్చాయి. పంటేమో మిరపకాయలు, జబ్బేమో ల్యాప్‌టాప్‌ది.

ఆ ల్యాప్‌టాప్ మా అమ్మాయి కాలేజీలో చేరినప్పుడు 2018లో కొన్నది. మొదటి రెండేళ్ళు బాగానే ఉంది. తర్వాత తర్వాత స్విచ్చి వేసి, బియ్యం కడిగి ఎసట్లో పోసి, కూర తరుక్కుని వచ్చినా తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది. చదువు అయిపోయి అమ్మాయి ఉద్యోగాల వేటలో పడింది. జనవరిలో ఒక కంపెనీవాళ్ళు ఇంటి దగ్గర్నుంచే రాసే పరీక్ష పెట్టారు. గంట పరీక్షలో పావుగంట ఆ గుండ్రమే మింగేసింది. పిల్ల లేచి దొడ్లోకి వెళ్ళి కూర్చుంది. పిలిస్తే పలకలేదు.

కొత్తది కొందామంటే నలభై వేలకు తక్కువ లేదు. అంతకుముందు రెండేళ్ళు మిర్చి క్వింటాలు ఇరవై వేలు కూడా దాటి పలికింది గానీ, 2025లో పది, పదకొండు వేలకు పడిపోయింది. కేంద్రంవాళ్ళు ఆ నెలాఖర్లోనే క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించారు. కోతకూలి, మందులు, కౌలు తీసేస్తే మాకేం మిగులుతుందో పొలం ఉన్న ఆడవాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

దగ్గర్లో ఉన్న ఒక కొట్లో చూపిస్తే, "లోపల బోర్డు పోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అన్నాడు. రెండో ఆయన, "అన్నీ చెరిపేసి మళ్ళీ ఎక్కిస్తే బాగవుద్ది" అన్నాడు. అన్నీ చెరిపేయడం అనగానే నా గుండె గుభేలుమంది. ఎందుకంటే అందులో మా అత్తయ్య ఉన్నారు.

ఆమె 2020లో పోయారు. అంతకు ముందు ఏడాది వేసవిలో, పచ్చళ్ళు ఎలా పెట్టాలో ఆమె చెబుతుంటే మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి ఇందులోకి ఎక్కించింది. ఆ సెల్‌ఫోన్ తర్వాత నీళ్ళ తొట్లో పడి పోయింది. పండుమిరపకాయ పచ్చడి, మాగాయ, గోంగూర, మొత్తం మూడు రికార్డులు. ఆవిడ గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

అందుకే మావారు, "రేపు యార్డుకు నలభై టిక్కీలు వేస్తున్నా. నువ్వు కూడా వచ్చేయ్, దాన్ని గుంటూరులో చూపిద్దాం" అన్నారు. (మిరపకాయలు తొక్కి నింపిన గోనెబస్తాను మా వైపు టిక్కీ అంటారు.) వచ్చే గురువారం అమ్మాయికి ఇంకో పరీక్ష ఉంది. కళ్ళం దగ్గర ఒకరు ఉండాలి కాబట్టి అమ్మాయి ఉండిపోయింది. ఆయన రాత్రికే చిన్న లారీలో సరుకుతో వెళ్ళారు. లారీ కుదుపులకి భయపడి నేను పొద్దున్నే బస్సెక్కాను. ల్యాప్‌టాప్‌ను పాత తువ్వాల్లో చుట్టి, ఛార్జరు కూడా పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. అప్పటికింకా మాకు ఉచిత బస్సు రాలేదు, అది ఆ ఏడాది ఆగస్టు 15న మొదలైంది. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "ఏంటమ్మా, నెయ్యా?" అని అడిగాడు.

పర్చూరు నుంచి చిలకలూరిపేట దాకా రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడే. శనగ ఎండి గలగలమంటోంది. పొగాకు చేలల్లో అడుగాకులు కొట్టేశారు. పత్తి చేలు అప్పటికి మోళ్ళయ్యాయి. ఒక్కో మోడుకు తీయకుండా వదిలేసిన దూదిముక్క వేలాడుతోంది. ఇక మిరప కళ్ళాలు చూడాలి. పట్టాలు పరిచి ఎకరాలకెకరాలు ఎర్రగా ఆరబోశారు. మధ్యలో తలగుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు వంగి తాలుకాయ ఏరుతున్నారు. పండు ఎర్రదనం పోయి తెల్లబారిన కాయ తాలు. కలిసిందంటే ధర తెగ్గోస్తారు. రోజంతా ఆ ఎండలో, ఆ ఘాటులో వంగి ఉండే నడుములకు ఏ ధరా చాలదు, అది వేరే సంగతి.

పేటలో దిగి గుంటూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. పేట, గణపవరం చుట్టుపక్కల నూలు మిల్లులు చాలా ఉన్నాయి. మన పత్తి అక్కడే దారమవుతుంది. యడ్లపాడు దాటుతుంటే ఎడమ చేతి వైపు కొండవీటి కొండలు. రెడ్డిరాజులు ఏలిన కోట ఆ పైనే. చిన్నప్పుడు బడి నుంచి తీసుకెళ్తే మెట్లెక్కలేక ఏడ్చిన గుర్తు ఉంది. గుంటూరు దగ్గర పడుతుంటే ఆ సంగతి బోర్డులు చూడకుండానే తెలుస్తుంది. ముందు ఒకరు తుమ్ముతారు, తర్వాత బస్సంతా తుమ్ముతుంది.

గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట వీధులు తెలుసుగా, లైన్లు, అడ్డరోడ్లు అంటూ నంబర్లతో ఉంటాయి. మొదటిసారి వెళ్ళినవాళ్ళకు లెక్కల పుస్తకంలో పడ్డట్టు ఉంటుంది. బ్రాడీపేటలో ఒక మేడ మీద చిన్న గది కొట్టు. పాతికేళ్ళ కుర్రాడు. "ఏమైంది ఆంటీ?" అని, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. వెనక మరలు విప్పి మూత తీశాడో లేదో, ఫటఫటా నాలుగు తుమ్ములు! లోపలి ఫ్యానుకు ఎర్రటి నుసి, తెల్లటి దూది కలిసి నులక పేనినట్టు పట్టుకున్నాయి. "మీది ఏ ఊరో అడగక్కర్లేదు ఆంటీ" అన్నాడు. నాకు సిగ్గేసింది. ఇల్లు ఎంత తుడిచినా దాని కడుపులో చీపురు పెట్టలేం కదా!

తర్వాత అసలు దోషిని బయటకు తీసి చూపించాడు. హార్డ్‌డిస్కు. అరచేతిలో పట్టే ఇనప డబ్బీ. లోపల అద్దంలాంటి పళ్ళెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుందట, అంటే సెకనుకు 90 చుట్లు. గ్రామఫోను పెట్టె మాదిరి ఒక సూది దాని మీద అటూ ఇటూ పరుగెత్తి కావలసినది వెతుకుతుంది. ఇలాంటిదాన్ని మొట్టమొదట 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చిందట. రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు 50 ఉంటే, అన్నీ కలిపి పట్టేది 5 మెగాబైట్లు. ఇప్పటి సెల్‌ఫోనులో ఒకటి రెండు ఫొటోలంత!

"ఇందులో ఒక్క ముక్క వెతకడానికి సెకనులో నూరో వంతు పడుతుంది" అన్నాడు. అదేం ఆలస్యం అనుకున్నాను. కానీ స్విచ్చి వేసిన దగ్గర్నుంచి కంప్యూటరుకు వేల చిన్న చిన్న ముక్కలు కావాలట, అవి తలో మూలా ఉంటాయట. నాకు చప్పున మా కోల్డ్ స్టోరేజి గుర్తుకొచ్చింది. మావాళ్ళు దాన్ని ఏ.సి. అంటారు. ఏ.సి.లో పెట్టిన టిక్కీ కావాలంటే చీటీ చూపించాలి, హమాలీ పై అంతస్తు ఎక్కాలి, వరస వెతకాలి, మోసుకుని దిగాలి. హమాలీ ఒక్కడే అయి, వెయ్యిమంది చీటీలు పట్టుకుని నిలబడితే? అదీ మా ల్యాప్‌టాప్ పరిస్థితి.

దాని బదులు పెట్టేది ఎస్.ఎస్.డి. పేకముక్క కంటే కాస్త పెద్దది, పట్టుకుంటే బరువే లేదు. తిరిగే పళ్ళెం లేదు, సూది లేదు, అన్నీ చిప్పులే. ప్రతి టిక్కీకీ విడిగా ఒక తలుపు ఉన్నట్టన్నమాట. వెతకడానికి సెకనులో పదివేల వంతు చాలు. ఇంతకంటే వేగమైనది ఎన్.వి.ఎం.ఇ. అని, సన్నటి బిళ్ళలా ఉండేది ఇంకోటి ఉందిగానీ, మా దాంట్లో దానికి గూడు లేదు. మీరు వెళ్తే ముందు మూత విప్పించి, ఏది పడుతుందో చూపించమనండి. ఉత్త పేరు చెప్పి కొనుక్కుంటే బ్లౌజు ముక్క ఆది లేకుండా కుట్టించినట్టే.

"ర్యామ్ కూడా పెంచమంటావా బాబూ?" అంటే, "ముందు ఇది మార్చి చూడండి, చాలకపోతే అప్పుడు రండి" అన్నాడు. అమ్ముకునేవాడు అలా అంటే నమ్మకం కుదరదా మరి!

అత్తయ్య రికార్డుల సంగతి చెప్పాను. డిస్కు చెవి దగ్గర పెట్టి వినమన్నాడు. టిక్... టిక్... మని చప్పుడు. "ఇది పోయే ముందు చేసే చప్పుడు. ఉన్నదున్నట్టు మొత్తం దించితే మధ్యలో ఆగిపోవచ్చు. ముందు మీకు ముఖ్యమైనవి తీసేస్తాను. విండోస్ కొత్తగా ఎక్కించుకోవచ్చు, అది ఎక్కడైనా దొరుకుద్ది" అన్నాడు. నడుస్తున్నప్పుడు దీన్ని కదిలిస్తే సూది పళ్ళేనికి తగిలి గీత పడుతుందట. వంటింట్లోంచి వసారాలోకి, వసారాలోంచి మంచం మీదికి నడుస్తున్నదాన్నే ఎన్నిసార్లు లాక్కెళ్ళానో తలుచుకుని నోరు మూసుకున్నాను. మూడు గంటలు పడుతుందన్నాడు. పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చి యార్డుకు ఆటో ఎక్కాను.

మిర్చియార్డు మాటలతో చెబితే అర్థమయ్యేది కాదు. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. ఎటు చూసినా టిక్కీల గోడలు, వాటి మధ్య ఇరుకు సందులు. మగవాళ్ళంతా ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని ఉంటే నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను. కొనేవాళ్ళు టిక్కీ కోసి, గుప్పెడు కాయ తీసి, విరిచి, రంగు చూసి పెదవి విరుస్తారు. ఇక్కడి నుంచి తేజ రకం చైనా దాకా పోతుంది. 334 అనే రకం ఇక్కడి లాం పరిశోధనా కేంద్రంలోనే పుట్టింది. ఇంత దూరం పోయే కాయకు పండించినవాడి దగ్గర ధర ఎందుకు పడిపోతుందో నా ఇంటర్ చదువుకు అంతుబట్టలేదు.

మావారు కమీషను కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నారు. మొహం చూడగానే తెలిసింది. పదివేల అయిదొందలు అన్నారట. పాతిక టిక్కీలు అమ్మి, పదిహేను ఏ.సి.లో పెట్టారు. "నీ రోగి ఎట్లా ఉంది?" అన్నారు. "ఆపరేషను జరుగుతోంది" అన్నాను. ఇద్దరం నవ్వుకుని, బయట పూటకూళ్ళింట్లో అన్నం తిన్నాం. గోంగూర పచ్చడి వేశారు. నేను మా అత్తయ్య రికార్డు గురించే ఆలోచిస్తూ తిన్నాను.

నాలుగింటికి కొట్టుకు వెళ్ళేసరికి కుర్రాడు ముందు మొహం చిన్నబుచ్చుకుని, తర్వాత చెప్పాడు. ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి, అమ్మాయి సర్టిఫికెట్లు వచ్చాయి, రికార్డులు రెండే వచ్చాయి. మూడోది ఉన్న చోట పళ్ళెం పాడైంది. నాలుగుసార్లు ప్రయత్నించాడట. పెద్ద ఊళ్ళలో డబ్బీ విప్పి తీసేవాళ్ళు ఉన్నారు గానీ వేలకు వేలు అవుతుందన్నాడు. వచ్చిన రెండూ ఏవో అక్కడ వినబుద్ధి కాలేదు.

500 జీబీ ఎస్.ఎస్.డి. 3,100, అమర్చి శుభ్రం చేసినందుకు 500, పాత డిస్కు పెట్టుకునే డబ్బా 350, మొత్తం నాలుగు వేలకు యాభై తక్కువ. 2025 చివర్నుంచి మెమొరీ చిప్పుల ధరలు పెరిగాయి కాబట్టి ఈ లెక్క చూపించి కొట్టువాళ్ళను నిలదీయకండి. బిల్లు, గ్యారంటీ కాగితం అడిగి తీసుకోండి. పాత డిస్కును కొట్లో వదిలేసి రాకండి, అందులో మన ఇంటి ఫొటోలన్నీ ఉంటాయి. ఇంకో సంగతి ఆ అబ్బాయే చెప్పాడు. హార్డ్‌డిస్కు పోయే ముందు చాలాసార్లు చప్పుడైనా చేస్తుంది, ఎస్.ఎస్.డి. మాటా పలుకూ లేకుండా ఆగిపోవచ్చు. అందుకని కావలసినవి ఇంకోచోట కూడా దాచమన్నాడు. వెంటనే ఒక పెన్‌డ్రైవు కొని రికార్డులు అందులోకి కూడా ఎక్కించుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. అమ్మాయి స్విచ్చి వేసింది. నేను చెప్పులు విప్పేలోపు తెర వచ్చేసింది! ఇరవై సెకన్లు కూడా పట్టలేదు. గురువారం పరీక్ష హాయిగా రాసింది. ఆ కంపెనీలో ఉద్యోగం రాలేదు గానీ, దొడ్లోకి వెళ్ళి కూర్చోలేదు. విండోస్ 10కి ఉచిత సంరక్షణ 2025 అక్టోబరు 14తో ఆగిపోతే, 11 కూడా తనే ఎక్కించుకుంది.

ఆ రాత్రి అన్నాలు తినకుండానే రికార్డులు పెట్టాం. మాగాయ ఉంది, పండుమిరపకాయ ఉంది. పోయింది గోంగూర. "కిలో పండుకాయలకి పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు. కాయ కడిగి తడి లేకుండా ఆరబెట్టాలే. తడి తగిలిందా, బూజే" అని అత్తయ్య గొంతు. మధ్యలో కోడి అరుపు, మా అమ్మాయి నవ్వు, ఎవరో గేటు తీసిన చప్పుడు. మావారు పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నవారు చెంబు అక్కడే వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అయిపోయాక కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"ఉప్పు ఎంతందీ? మళ్ళీ పెట్టు" అన్నారాయన.